కీళ్ల జబ్బున్న కుక్కకు ఆకలి తిరిగి తేవడం

కీళ్ల నొప్పితో బాధపడే కుక్క తిండి తగ్గించేయడం పశువైద్యుల దగ్గరికి తరచూ వచ్చే సమస్య. తుంటి అరిగిన ముసలి లాబ్రడార్, పిడుదుల జ్వరం తగిలిన పడుచు కుక్క, ఎముకల చివరలు వాచిన ఆరు నెలల గ్రేట్ డేన్ పిల్ల – మూడూ గిన్నె ముందు ఒకేలా తల తిప్పుకుంటాయి. కారణాలు వేరు, చికిత్సలూ వేరు. కాబట్టి ఏం పెడితే తింటుందన్నది తరువాత ఆలోచించాలి, ఎందుకు తినడం లేదన్నది ముందు తేల్చుకోవాలి. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

నిర్వచనం, పరిధి

తిండి మీద విముఖతను పశువైద్యంలో మూడు రకాలుగా చెబుతారు. ఏమీ ముట్టకపోవడం అనోరెక్సియా. రోజూ తినేదానికంటే తక్కువ తినడం హైపోరెక్సియా. గిన్నెలోది వదిలేసి చేతిలోని బిస్కెట్టు మాత్రం తినడంలా తినే తీరు మారిపోవడం డిస్‌రెక్సియా. ఇంట్లో వాళ్లు ఎక్కువగా పొరబడేది మూడోదాని దగ్గరే. 'బిస్కెట్లు తింటోంది కదా, మారాం చేస్తోంది అంతే' అనుకుంటారు. కుక్కకు వేవిళ్లలాంటి వికారం ఉన్నా, ఒంట్లో నొప్పి ఉన్నా మొదట కనిపించేది ఇలా ఏరుకుని తినడమే.

ఇవి కాక, తినాలని ఉన్నా తినలేని స్థితి ఒకటుంది. దవడ కీలు పట్టేసినా, పన్ను చీము పట్టినా, మెడ వంగకపోయినా కుక్క ఆత్రంగా గిన్నె దగ్గరికి వచ్చి, ఒక ముద్ద అందుకుని జారవిడుస్తుంది. అక్కడ లోపించింది ఆకలి కాదు. అలాంటి కుక్కకు ఆకలి పెంచే మందు వేస్తే బాధే పెరుగుతుంది.

పెద్ద కుక్క ఒక రోజంతా ఏమీ తినకపోతే వైద్యుడికి చూపించాలి. పిల్లలకు అంత గడువు ఉండదు, పన్నెండు గంటలు దాటనివ్వకూడదు. వాంతులు, నల్లటి విరేచనం, పాలిపోయిన చిగుళ్లు, ఉబ్బిన పొట్ట కనిపిస్తే గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు.

చారిత్రక నేపథ్యం

కుక్క ఆకలిని శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ప్రముఖుడు రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని తన ప్రయోగశాలలో ఆయన కుక్కలకు శస్త్రచికిత్స చేసి, మింగిన ఆహారం కడుపులోకి చేరకుండా గొంతు దగ్గరే బయటికి వచ్చేసే ఏర్పాటు చేశాడు. ఆహారం చేరకపోయినా జీర్ణాశయంలో రసాలు ధారాళంగా ఊరాయి. తినాలనే కోరికే జీర్ణక్రియకు మొదటి ప్రేరణ అని దీనితో తేలింది. జీర్ణగ్రంథుల మీద చేసిన ఈ కృషికే ఆయనకు 1904లో నోబెల్ బహుమతి దక్కింది. ఇష్టం లేకుండా కుక్కినది ఎందుకు సరిగా అరగదో కూడా ఈ ప్రయోగాలు కొంత వివరిస్తాయి.

కీళ్ల వైపు చరిత్రలో 1935 ముఖ్యమైన సంవత్సరం. కుక్కల్లో తుంటి కీలు వదులుగా పెరిగే హిప్ డిస్‌ప్లేసియాను అమెరికన్ పశువైద్యుడు గెరీ ష్నెల్ ఆ ఏడాది వర్ణించాడు. అదే ఏడాది అల్జీరియాలో దొనాతియెన్, లెస్తొకార్ అనే శాస్త్రవేత్తలు పిడుదులు పట్టిన కుక్కల రక్తకణాల్లో ఎర్లీకియా సూక్ష్మజీవిని గుర్తించారు. పిడుదుల ద్వారానే వ్యాపించే మరో పరాన్నజీవి హెపటోజూన్ కానిస్‌ను అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1905లో, మన దేశంలోని కుక్కల్లో జేమ్స్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు.

జబ్బుపడిన జంతువు తిండి మానడం శరీరం చతికిలబడటం వల్ల జరిగే పని కాదని, జ్వరంతో కలిసి సాగే ఒక రక్షణ వ్యూహమని 1988లో బెంజమిన్ హార్ట్ అనే పశువైద్య ప్రవర్తనా నిపుణుడు ప్రతిపాదించాడు. అడవిలో ఒకటి రెండు రోజులకు అది మేలు చేసే ఏర్పాటే. నెలల తరబడి సాగే కీళ్ల జబ్బులో అదే ఏర్పాటు కండను కరిగిస్తుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా ఆకలి పుట్టించే హార్మోన్ గ్రెలిన్‌ను కనుగొనడంతో ఆకలి మందులకు కొత్త దారి దొరికింది.

ఆకలి తగ్గే విధానం

కీలులో వాపు ఉన్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్లు, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ వంటి రసాయన సంకేతాలు రక్తంలోకి విడుదలవుతాయి. అవి మెదడులోని హైపోథాలమస్‌ను చేరి జ్వరం తెస్తాయి, మగత కలిగిస్తాయి, ఆకలిని అణచివేస్తాయి. ఒకటి రెండు కీళ్లకే పరిమితమైన అరుగుదలలో ఈ సంకేతాలు స్వల్పం. ఒళ్లంతా వాపు కలిగించే జబ్బుల్లో తీవ్రం.

రెండో కారణం నొప్పే. దాన్ని చూడాలంటే నున్నటి టైల్స్ వేసిన హాల్లో ముసలి కుక్క అన్నం తినే తీరు గమనిస్తే చాలు. నేల మీది గిన్నెకు తల వంచగానే బరువంతా ముందుకాళ్ల మీదికి వస్తుంది. మోచేతి కీలు నొప్పి పెడితే ఆ కాళ్లు నెమ్మదిగా ఎడంగా జారుతుంటాయి. వెనక కాళ్లు వణుకుతాయి. నాలుగు ముద్దలు తిని తల ఎత్తి, గిన్నె చుట్టూ ఒకసారి తిరిగి, వెళ్లి పడుకుంటుంది. గిన్నెలో సగం మిగిలిందంటే కడుపు నిండినట్టు కాదు, అంతసేపు నిలబడలేకపోయినట్టు.

మూడోది మందుల వల్ల కలిగే వికారం (చూ. నొప్పి మందులు). నాలుగోది అలవాటు. చేదు మాత్ర కలిపిన అన్నం తిన్నాక కడుపులో తిప్పితే, ఆ అన్నం వాసనకే కుక్క వెనక్కి తగ్గుతుంది. ఎలుకల్లో ఈ రుచి విముఖతను 1950లలో జాన్ గార్సియా ప్రయోగాత్మకంగా చూపాడు.

కీళ్ల జబ్బుల రకాలు, ఆకలిపై వాటి ప్రభావం

*అరుగుదల.* ఆస్టియోఆర్థ్రైటిస్ అనే ఈ జబ్బులో కీలు చివరలను కప్పి ఉంచే మృదులాస్థి క్షీణిస్తుంది. హిప్ డిస్‌ప్లేసియా, మోకాలి లిగమెంటు తెగడం, మోచేతి లోపాలు దీనికి దారితీస్తాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ జాతుల్లో ఎక్కువ. గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది: అరుగుదల ఒక్కటే అయితే కుక్క కుంటుతుంది, మెట్లెక్కదు, కారెక్కదు, కానీ చాలావరకు తింటూనే ఉంటుంది. ఏళ్లుగా కుంటుతూ బాగానే తింటున్న కుక్క ఉన్నట్టుండి తిండి మానితే ఆ నేరం తుంటి మీద వేసి ఊరుకోకూడదు. మూత్రపిండాలు, కాలేయం, పళ్లు, ఆడకుక్కలో గర్భసంచి చీము, వాడుతున్న మందులు – వీటన్నిటినీ చూడాలి. పెద్ద జాతుల్లో కుంటడంతో మొదలై తిండి మాన్పించే ఎముక క్యాన్సర్ ఆస్టియోసార్కోమా కూడా ఉంది. పైకి అది కీళ్ల నొప్పిలాగే కనిపిస్తుంది.

*పిడుదుల జ్వరం.* తెలుగు రాష్ట్రాల్లో కుక్కల యజమానులు టిక్ ఫీవర్ అనే ఈ జబ్బుల గుంపులో ఎర్లీకియా, బబీసియా, అనాప్లాస్మా, హెపటోజూన్ ఉన్నాయి. ఎర్లీకియాను మోసుకొచ్చేది గోధుమరంగు కుక్క పిడుదు. మన వేడి వాతావరణంలో, గోడల పగుళ్లలో, కెన్నెల్ మూలల్లో అది ఏడాది పొడవునా బతికేస్తుంది. జ్వరం, తిండి మానడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ముక్కు నుంచి రక్తం, కొన్ని కుక్కల్లో కీళ్ల వాపు దీని లక్షణాలు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనిక కుక్కలు, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్‌లు, వందకు పైగా ఈ జబ్బుకు బలయ్యాయి. నిన్నటిదాకా బాగున్న కుక్క ఈరోజు లేవడానికి మూలుగుతూ, తిండి ముట్టకపోతే మన ప్రాంతంలో మొదట అనుమానించవలసింది దీన్నే.

*రోగనిరోధక వ్యవస్థ తిరగబడటం.* సూక్ష్మజీవి ఏదీ లేకుండానే శరీరం తన కీళ్ల మీద తానే దాడి చేసే జబ్బు ఇది. ముంజేతి కీళ్లు, వెనక కాలి మడమ కీళ్లు రెండు వైపులా వాస్తాయి. కుక్క ముళ్ల మీద అడుగులేస్తున్నట్టు నడుస్తుంది. జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, ఆకలి బాగా పడిపోతుంది. ప్రధాన చికిత్స ప్రెడ్నిసొలోన్. అది పనిచేస్తే కొద్ది రోజుల్లోనే కుక్క లేచి తింటుంది.

*ఎదిగే పిల్లల జబ్బులు.* పెద్ద జాతుల పిల్లల్లో రెండు నుంచి ఎనిమిది నెలల మధ్య హైపర్‌ట్రోఫిక్ ఆస్టియోడిస్ట్రఫీ వస్తుంది. కీలు పైభాగంలో ఎముక చివర వాచి, వేడిగా ఉండి, తాకనివ్వదు. పిల్ల పూర్తిగా తిండి మానేస్తుంది. పానోస్టియైటిస్‌లో నొప్పి ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది. వట్టి మాంసం, అన్నం మీద పెంచిన పిల్లల్లో కాల్షియం చాలక ఎముకలు మెత్తబడటం మూడో సమస్య. అలాంటి పిల్లకు ఆకలి తెప్పించి మళ్లీ అదే ఆహారం పెడితే ఫలితం ఉండదు.

నిర్ధారణ

ఇంట్లో చేయగల పరీక్ష ఒకటి ఆసుపత్రిలోనూ ఉపయోగపడుతుంది. ఉడికిన కోడి ముక్క చేతిలో పెట్టుకుని కుక్క నోటి ఎత్తులో చూపాలి. అక్కడ తిని, నేల మీది గిన్నెలో తినకపోతే మెడలోనో ముంగాళ్లలోనో నొప్పి ఉన్నట్టు. నోట్లోకి తీసుకుని జారవిడిస్తే పళ్లు, దవడ చూడాలి. వాసన చూసి, పెదవులు నాక్కుని, చొంగ మింగుతూ మొహం తిప్పుకుంటే వికారం. వాసన కూడా చూడకుండా పడుకునే ఉంటే జ్వరం కొలవాలి. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది జ్వరానికి కొలమానం కాదు.

చెవి మడతల లోపల, కాలివేళ్ల సందుల్లో పిడుదులు వెతకాలి. ఆ తర్వాత రక్తకణాల లెక్క, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, కాలేయ ఎంజైములు, అవసరమైతే ఎక్స్‌రే. ఎక్కువ కీళ్లు వాచినప్పుడు సన్నటి సూదితో కీలు ద్రవం తీసి పరీక్షిస్తారు. అరుగుదలా, రోగనిరోధక వాపా, చీమా అని తేల్చడానికి ఇది కీలకం. ఇలాంటి పరీక్షల కోసం సంప్రదించడానికి తెలుగు రాష్ట్రాల్లో తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్, కోరుట్ల తదితర చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నాయి.

నొప్పి మందులు: మేలు, కీడు

కీళ్ల నొప్పికి కుక్కల్లో ప్రధానంగా వాడేవి స్టెరాయిడ్ కాని వాపు నివారణ మందులు. మెలోక్సికామ్, కార్‌ప్రొఫెన్, ఫిరోకాక్సిబ్, రోబెనాకాక్సిబ్ వీటిలో ముఖ్యమైనవి. సరైన మోతాదులో పడితే నొప్పి తగ్గి ఆకలి దానంతటదే వస్తుంది. అవే మందులు కొన్ని కుక్కల్లో జీర్ణాశయానికి పుండు చేసి, ఉన్న ఆకలిని కూడా పోగొడతాయి. ఈ మందు మొదలుపెట్టిన తర్వాత కుక్క తినడం మానితే మొదట మందు ఆపి, వైద్యుడికి కబురు చేయాలి. 'నొప్పి వల్ల తినడం లేదేమో' అని ఇంకో మాత్ర వేయడం ప్రాణం మీదికి తెస్తుంది. తారులాంటి నల్లటి విరేచనం లోపల రక్తం కారుతోందనడానికి గుర్తు.

మనుషుల మాత్రలు ఇవ్వడం ఎందుకు ప్రమాదమో మెలోక్సికామ్ లెక్క చెబుతుంది. కుక్కకు మొదటి రోజు తర్వాత రోజువారీ మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము. అంటే 10 కిలోల కుక్కకు 1 మిల్లీగ్రాము. మెడికల్ షాపులో దొరికే మనుషుల మాత్ర 15 మిల్లీగ్రాములది కూడా ఉంటుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకు అసలు తగవు. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని రాబందుల మరణాల కారణంగా మన దేశం 2006లోనే నిషేధించింది. ప్రెడ్నిసొలోన్‌నూ, ఈ వాపు మందులనూ కలిపి వాడితే పుండ్ల ప్రమాదం చాలా పెరుగుతుంది. ఒక వైద్యుడు రాసిన మందు సంగతి రెండో వైద్యుడికి తప్పక చెప్పాలి.

కొత్త మందుల్లో గ్రాపిప్రాంట్‌కు అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. నెలకోసారి ఇచ్చే బెడిన్వెట్‌మాబ్ ఇంజెక్షన్‌కు అక్కడ 2023లో అనుమతి లభించింది. దాని నరాల సంబంధ దుష్ఫలితాల గురించి ఆ దేశ ఔషధ నియంత్రణ సంస్థ తర్వాత హెచ్చరిక కూడా చేసింది.

ఎర్లీకియాకు వాడే డాక్సీసైక్లిన్‌ను సాధారణంగా 28 రోజులు ఇస్తారు. అది కూడా వికారం కలిగించగలదు. మన ఇళ్లలో మాత్రను పెరుగన్నంలో దాచి పెట్టడం అలవాటు. పాలు, పెరుగులోని కాల్షియం ఈ మందు ఒంటికి పట్టడాన్ని కొంత తగ్గిస్తుంది. పైగా చేదు తగిలితే పెరుగన్నం మీదే విరక్తి పుడుతుంది. చిన్న కోడి ముక్కలో పెట్టి వేరుగా మింగించి, వెంటనే కాసిన్ని నీళ్లు తాగించడం మేలు.

తినిపించే పద్ధతులు

కారణానికి చికిత్స మొదలయ్యాక, లేదా కనీసం నొప్పి, వికారం అదుపులోకి వచ్చాక, ఈ పద్ధతులు ఫలిస్తాయి. అంతకు ముందు చేస్తే కుక్కకు మంచి తిండి మీద కూడా అయిష్టం కలుగుతుంది.

చోటు సరిచేయడం మొదటి పని. గిన్నె కింద, కాళ్ల కింద జారని రబ్బరు చాపగానీ మడిచిన గోనెసంచిగానీ వేయాలి. లేవలేని కుక్క పక్క దగ్గరికే గిన్నె తేవాలి. గిన్నెను మోచేతి ఎత్తుకు లేపితే మెడకు, ముంగాళ్లకు భారం తగ్గుతుంది. అయితే పెద్ద, లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో ఎత్తు గిన్నెలకూ కడుపు మెలిపడే ప్రమాదానికీ సంబంధం ఉందని 2000లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. కాబట్టి గ్రేట్ డేన్ వంటి వాటికి కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టడమే క్షేమం.

గోరువెచ్చగా చేసిన ఆహారం నుంచి వాసన బాగా వస్తుంది. వేడిమి ఒంటి వేడిని మించకూడదు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకుండా కాచిన కోడి పులుసు నీళ్లు రెండు చెంచాలు పొడి ఆహారం మీద పోస్తే చాలా కుక్కలు ముందుకొస్తాయి. పావుగంటలో తినకపోతే గిన్నె తీసేయాలి. రోజంతా ముందే ఉన్న అన్నం పులుస్తుంది, వాసన మొహం మొత్తుతుంది. మనుషులు గుమిగూడి బతిమాలకూడదు.

సిరంజితో నోట్లోకి బలవంతంగా పోయడం వల్ల రెండు కీడులున్నాయి: తిండి మీద అసహ్యం, పొరపోయి ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా.

ఆహారం, పరిమాణం

విశ్రాంతిలో ఉన్న కుక్కకు రోజుకు కావలసిన శక్తిని లెక్కించడానికి దాని కిలోల బరువును 0.75 ఘాతానికి తీసుకెళ్లి 70తో గుణిస్తారు. 20 కిలోల కుక్కకు ఇది సుమారు 660 కిలోకేలరీలు. 200 గ్రాముల ఉడికిన చర్మం లేని కోడి మాంసం, 200 గ్రాముల అన్నం, ఒక ఉడికించిన గుడ్డు కలిపితే దాదాపు అంత వస్తుంది. ఇది కొద్ది రోజులకే పనికొస్తుంది. కాల్షియం, ఇతర ఖనిజాలు చాలవు కాబట్టి నెలల తరబడి పెట్టకూడదు. మూడు నాలుగు రోజులు ఏమీ తినని కుక్కకు మొదటి రోజు ఇందులో మూడోవంతు, రెండో రోజు మూడింట రెండు వంతులు, మూడో రోజు పూర్తిగా ఇవ్వాలి. ఒక్కసారిగా నింపితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోతాయి.

వట్టి పెరుగన్నం కడుపుకు తేలికే. కానీ వంద గ్రాముల పెరుగులో మాంసకృత్తులు మూడు నాలుగు గ్రాములే, కోడి మాంసంలో ముప్పై దాకా ఉంటాయి. కీలును పట్టి ఉంచేది చుట్టూ ఉన్న కండ. అది కరిగితే నొప్పి ఇంకా పెరుగుతుంది. ఉడికించి ముళ్లు తీసిన కవళ్ళు వంటి నూనె చేపలు ఘాటైన వాసనతో ఆకర్షిస్తాయి. వాటిలోని ఒమేగా–3 కొవ్వులు కీళ్ల వాపును కొంత తగ్గిస్తాయన్నదానికి ఆధారాలున్నాయి. బాగా ప్రచారంలో ఉన్న గ్లూకోజమైన్‌కు ఆధారాలు బలహీనం.

ఉల్లి, వెల్లుల్లి ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. పిడుదుల జ్వరంతో ఇప్పటికే రక్తం తగ్గిన కుక్కకు కూర పులుసు, బిరియానీ మిగులు పెట్టడం రెట్టింపు దెబ్బ. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ కలిపిన తీపి పదార్థాలు, ఉడికించిన ఎముకలు పూర్తిగా నిషిద్ధం.

ఆకలి మందులు, గొట్టం ద్వారా ఆహారం

వికారానికి మారోపిటాంట్ బాగా పనిచేస్తుంది. గ్రెలిన్‌లా పనిచేసి ఆకలి పుట్టించే కాప్రోమోరెలిన్‌కు అమెరికాలో 2016లో కుక్కల కోసం అనుమతి వచ్చింది. మనుషుల కుంగుబాటు మందు మిర్టాజపిన్‌ను కూడా వైద్యులు ఆకలి కోసం వాడతారు. ఇవన్నీ ఊతాలు మాత్రమే. వారం పాటు ఆకలి మందు ఇచ్చి, అంతలో మూత్రపిండాల పరీక్ష చేయించకపోతే విలువైన సమయం పోతుంది. మూడు నుంచి ఐదు రోజులు సరిపడా తినని కుక్కకు ముక్కు ద్వారా గానీ, మెడ పక్కనుంచి అన్నవాహికలోకి గానీ గొట్టం అమర్చి ద్రవాహారం ఇస్తారు. చాలామంది యజమానులు దీన్ని చివరి దశ అనుకుని భయపడతారు. గొట్టం ఉన్న కుక్క నోటితో కూడా తినగలదు, కోలుకోగానే గొట్టం తీసేస్తారు.

బరువు ప్రశ్న

సన్నగా ఉన్న కుక్క కీళ్లు ఎక్కువకాలం నిలుస్తాయనడానికి గట్టి ఆధారం ఉంది. ప్యూరినా సంస్థ 48 లాబ్రడార్ పిల్లలను జంటలుగా తీసుకుని, ప్రతి జంటలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ ఆహారం పెడుతూ జీవితాంతం గమనించింది. 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. సగం కుక్కలకు కీళ్ల చికిత్స అవసరమైన వయసు ఎక్కువ తిన్న గుంపులో 10.3 ఏళ్లు, తక్కువ తిన్న గుంపులో 13.3 ఏళ్లు.

ఇది చదివి, లావుగా ఉన్న కుక్క జబ్బుతో తినకపోతే బరువు తగ్గడం మంచిదే అనుకోవడం తప్పు. జబ్బులో కొవ్వు కంటే ముందు కండ కరుగుతుంది. వెన్నెముక మీద, తొడల వెనక చెయ్యి వేసి తడిమితే పొట్ట గుండ్రంగానే ఉన్నా కండ లోపలికి గుంట పడటం తెలుస్తుంది. ముందు ఆకలి తెచ్చి, జబ్బు కుదుటపడ్డాక కొలత ప్రకారం బరువు తగ్గించాలి. వారానికోసారి ఒకే తూకంలో చూసుకుంటే మార్పు తెలుస్తుంది.

దీర్ఘకాల సంరక్షణ

నయం కాని దశలో కుక్క జీవన నాణ్యతను అంచనా వేయడానికి అమెరికన్ పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ రూపొందించిన కొలమానం విస్తృతంగా వాడుకలో ఉంది. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువగా ఉండటం – ఈ ఏడింటికి సున్నా నుంచి 10 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 35 దాటితే సంరక్షణ కొనసాగించవచ్చని దాని ప్రమాణం. ఆకలి మార్కు వేసేటప్పుడు, తనంతట తాను తినడంతో పాటు చేత్తో పెడితే తినడం, గొట్టం ద్వారా సరిపడా అందడం కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఇంట్లో రోజూ అన్నం పెట్టేవారే ఈ మార్కులు వేసి వైద్యుడికి చూపిస్తే, మందుల మార్పును పాత మార్కులతో పోల్చి నిర్ణయిస్తారు.